సాయంకాలపు లాలి

ఆ ఏడాది ఆ దీవిలో కందిరీగలు మామిడిచెట్టు చిటారుకొమ్మన గూడు పెట్టాయి. సీమపనస కాడకి ఒక్కొక్క కాయే కాసింది. ఆ రెండూ చూసి ముసలి సెరెయానా వైలేకా ఊరందరికీ అభయం ఇచ్చేసింది, ఈ వానాకాలం వెళ్లేదాకా తుఫాను రాదు పొమ్మని.

"గాలొచ్చే ఏడైతే కందిరీగ నేలని కరుచుకుని గూడు కడుతుంది. సీమపనస జంటకాయలు కాస్తుంది. రేడియోవాడు జీతమిస్తేనే చెబుతాడు, కందిరీగ ఊరికే చెబుతుంది," అనేది.

ఆమె కోడలు తోరికా రేడియోనీ నమ్మేది, కందిరీగనీ నమ్మేది. రెండూ కలిసి బాగుంటుందని చెబితే మాత్రం రెంటినీ నమ్మేది కాదు.

తోరికాది మొదటినుంచీ పిరికి గుండె కాదు. తొలిచూలు బిడ్డ పదకొండో నెలలో రొమ్ములో చలి చేరి, రెండు రాత్రులు ఎగపోసి, తెల్లారేసరికి ఒళ్లోనే చల్లబడిపోయాడు. అప్పట్నుంచి ఆమెకి ఏ దగ్గు విన్నా ఆ దగ్గే వినబడేది. రెండోపిల్ల లితియాకి ఎనిమిదేళ్లొచ్చాయి. పిల్ల జామచెట్టెక్కితే కొమ్మ విరిగినట్టే, ఏటికి వెళితే కాలు జారినట్టే తల్లికి ముందుగా కళ్లకి కట్టేది. ఆకాశంలో మబ్బు ముద్ద కనబడితే చాలు, మూట కట్టేది. పిల్ల పుట్టిన కాగితం, బడి బట్టలు, బైబిలు, మామగారి ఫోటో, బిస్కెట్ల డబ్బాలో అగ్గిపెట్టె. ఊళ్లో ఆమెకి మూట తోరికా అని పేరు పడిపోయింది. మబ్బు పట్టిన రోజున ఆడవాళ్లు బట్టలు ఆరేసే ముందు, "తోరికా ఇంకా కట్టలేదుగా?" అని ఒకళ్లనొకళ్లు అడిగి నవ్వుకునేవాళ్లు.

ఆమె భయపడటానికి కారణం లేకపోలేదు. వాళ్ల ఇల్లు ఊరికి చివర, ఏరు మెలిక తిరిగేచోట ఉంది. ఊరికీ ఆ ఇంటికీ మధ్య ఒక చిన్న వాగు. ఎండాకాలం పిల్లలు గెంతి దాటేస్తారు, వానల్లో అడ్డంగా వేసిన కొబ్బరి దుంగ మీద నడిచి దాటాలి. ఆరేళ్ల క్రితం పెద్ద తుఫాను వచ్చి వెళ్లాక, వాగవతల ఉన్న మిగతా రెండిళ్లవాళ్లూ కొండ మీదకి మారిపోయారు. వీళ్లకీ పైన చోటిచ్చారు. తోరికా మొగుడు పౌలియాసి సముద్రం ఒడ్డున హోటల్లో తోటపని చేస్తాడు, శనివారాలే ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా కొంత కొంతగా నాలుగు స్తంభాలు పాతి, పైన రేకులు వేశాడు. గోడలు లేవు.

గోడలు లేచినా అత్తగారు కదిలేలా లేదు. వాకిట్లో ఆమె మొగుడి సమాధి ఉంది. పొద్దున్నే దాని మీద రాలిన ఆకులు ఏరేసి గానీ టీ తాగదు.

"నేను పైకెక్కితే ఆయన రాత్రిపూట నీళ్లడిగితే ఎవరిస్తారు?" అనేది.

"ఆయనకి నీళ్లకి కరువొచ్చేలా లేదు అత్తయ్యా. ఏరే వచ్చి ఇచ్చేలా ఉంది."

"నోరు కడుక్కో. ఏటి సంగతి నాకు చెప్పకు. నేను పుట్టి డెబ్బై ఏళ్లు దాని ఒడ్డునే పెరిగా. నల్లరాయి తల మునిగాక కూడా ఒక రాత్రి హాయిగా పడుకోవచ్చు. తెల్లారి చాపలు చుట్టుకుని నడిచి వెళ్లొచ్చు. కొండల్లో పడ్డ వాన ఇక్కడికి రావాలంటే ఒక రాత్రి పడుతుంది. ఏరు నడిచొస్తుంది, నీలాగ గుండెలు బాదుకుంటూ పరిగెత్తదు."

నల్లరాయి అంటే ఏటి మధ్యలో ఉన్న బండ. ఆ ఊరి పెద్దలందరికీ అదే కొలబద్ద. తోరికాకి ఆ రాయంటే ఎందుకో పడేది కాదు. రెండేళ్లుగా వాన పద్ధతి మారడం ఆమె చూస్తూనే ఉంది. పూర్వం మూడు రోజులు ముసురు పట్టి మెల్లగా పడే వాన, ఇప్పుడు ఒక పూటలో కుండతో కుమ్మరించి పోతోంది. పోయిన జనవరిలో చేమమడి ఒక్క గంటలో కొట్టుకుపోయింది. కొండల్లో మేకలు మేపేవాడు చెప్పాడు, ఒక లోయలో వాన, పక్క లోయలో ఎండ అని. ఆ సంగతి అత్తగారికి చెబితే, "మేకలవాడు యంగోనా తాగి చెప్పి ఉంటాడు," అంది. యంగోనా అంటే మగవాళ్లు గిన్నె చుట్టూ చేరి, చప్పట్లు కొట్టి, కొబ్బరిచిప్పలతో తాగే మత్తు వేరురసం.

ఇక లాలి గురించి చెప్పాలి. పిల్లల్ని నిద్రపుచ్చే లాలి కాదు. పడవలాగ తొలిచిన పెద్ద మొద్దు, గుడి పక్కన చిన్న పాకలో ఉంటుంది. రెండు కర్రలతో దాన్ని బాదితే కొండవతలి ఊరికి కూడా వినబడుతుంది. ఆదివారం గుడికి పిలవడానికొక దరువు, చావుకొక దరువు, నీళ్లొస్తే ఒక దరువు. రోజూ సాయంత్రం ఆరింటికి ప్రార్థన దరువు, మధ్యలో ఆపకుండా వరసగా కొట్టేది. అది మోగిందంటే ఊళ్లో మనిషి నడవకూడదు. ఎవరింట్లో వాళ్లు తలుపులు మూసుకుని, దీపం పెట్టుకుని, కళ్లు మూసుకు కూర్చోవాలి. పొరుగూరివాడైనా సరే ఊరి మొదట్లోనే ఆగిపోతాడు. అయిసాకే అనే ముసలాయన నలభై ఏళ్లుగా ఆ లాలి కొడుతున్నాడు. ఆ కర్రలు ఇంకొకరు ముట్టరు, ఆడవాళ్లు అసలే ముట్టరు.

లితియా ఎప్పుడూ ఆఖరి దెబ్బకి గుమ్మంలోకి దూకేది.

"లాలి ఆగేలోపు తలుపు పడాలి," అనేది సెరెయానా. "లేకపోతే దేవుడు బయటే ఉండిపోతాడు."

"వానొస్తే దేవుడు తడిసిపోతాడా బూబూ?" అనడిగేది పిల్ల. బూబూ అంటే వాళ్లకి నాయనమ్మ.

"తడవడు. మీ అమ్మ ఆయనకి కూడా ఒక మూట కట్టి ఉంచిందిలే."

ముసలామె నవ్వేది, పిల్ల నవ్వేది. తోరికాకి కూడా నవ్వొచ్చేది, కానీ తలుపు గడియ మాత్రం ఆమే రెండోసారి తడిమి చూసుకునేది.

మార్చి నెలలో ఒక గురువారం. పొద్దున్నే కొండల మీద ఆకాశం దెబ్బ తగిలిన మోకాలిలా కమిలి ఉంది. ఆకు కదలడం లేదు. మధ్యాహ్నానికి ఊళ్లో వాన మొదలైంది. మామూలు చినుకులు కావు, వేళ్లంత లావు ధారలు. రేకుల మీద పడుతుంటే పక్కమనిషి మాట వినబడదు. తుఫాను కాదు, పెద్ద వాన, ఏటి పక్కవాళ్లు జాగ్రత్త అని ఊరి పెద్ద ఫోనుకి కబురొచ్చింది. ఆయన గొడుగేసుకుని ఇంటింటికీ చెప్పి, మళ్లీ వెళ్లి యంగోనా గిన్నె దగ్గర కూర్చున్నాడు.

"విన్నావా? గాలి లేదట," అంది సెరెయానా. "గాలి లేని వాన మనిషినేం చేస్తుంది? నానబెడుతుంది. అంతే."

తోరికా ఆ పూట ఏటిని చూడ్డానికి నాలుగుసార్లు వెళ్లింది. నీళ్లు మట్టిరంగు తిరిగాయి గానీ నల్లరాయి తల ఇంకా పైనే ఉంది. పిల్లని తీసుకుని కొండెక్కేద్దామని ఉంది. కానీ లితియాకి మూడు రోజులనుంచి దగ్గు. ముందురోజు రాత్రి ఒళ్లు కూడా వెచ్చబడింది. పైన ఇంటికి గోడలు లేవు, వాన ఏటవాలుగా కొడుతోంది. ఆ చలిలో తడిపితే రొమ్ము పట్టేస్తుంది. పట్టేస్తే రెండు రాత్రులు. ఆ రెండు రాత్రులూ తోరికాకి తెలుసు.

ఒక భయం పైకి పద అంటోంది, ఒక భయం ఇంట్లో ఉండు అంటోంది. ఏ భయం మాట వినాలో తెలియక తల్లి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఒక పని చేస్తా అత్తయ్యా," అంది చివరికి. "నేను ముందెళ్లి టార్పాలిన్ కట్టొస్తా. చుట్టూ కట్టేస్తే గాలి ఆగుతుంది. చీకటి పడకుండా వచ్చి ఇద్దర్నీ తీసుకెళతా. నా మాట కాదనకు, ఈ ఒక్క రాత్రికే."

"ఈ ఒక్క రాత్రి అని ఈ ఏడాది ఎన్ని రాత్రులయ్యాయే?"

"ఇదే ఆఖరు."

"సరే, కట్టు. నాకోసం కాదు. నీ గోల పడలేక." ముసలామె కర్రపెండలం చెక్కు తీస్తూ తలెత్తకుండానే అంది. "వచ్చేటప్పుడు పైనుంచి నాలుగు నిమ్మాకులు కోసుకురా, పిల్లకి టీ కాస్తా."

లితియా దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "అమ్మా, నా రంగు పెన్సిళ్లు కూడా మూటలో వెయ్యి. తడవకుండా," అంది.

వేసింది. మూట నెత్తిన పెట్టుకుని, టార్పాలిన్ చంకన పెట్టుకుని, దుంగ మీదుగా వాగు దాటింది. అప్పటికి వాగులో నీళ్లు మోకాలి లోతు. ఊరి పెద్ద ఇంటి ముందునుంచి వెళుతుంటే లోపల్నుంచి మగవాళ్ల చప్పట్లూ నవ్వులూ.

"వాన పెద్దదేనర్రా, మూట బయల్దేరింది!" అన్నాడెవరో.

అయిసాకే కొబ్బరిచిప్ప కింద పెట్టి గుమ్మంలోకి వచ్చాడు. వరసకి మామ, ఆమెతో వేళాకోళమాడే హక్కున్నవాడు. "ఏమ్మా కోడలా, ఈసారి మీ అత్తని కూడా మూట కట్టకపోయావా? మూటలో ఆవిణ్ని చూసి ఏరే భయపడి పారిపోయేది."

"నువ్వు గిన్నెలో మునిగిపోకుండా చూసుకో మామా. నిన్ను తియ్యడానికి తాళ్లు లేవు."

లోపల అందరూ గొల్లుమన్నారు. అదే ఆ ఊళ్లో అందరూ కలిసి నవ్విన ఆఖరి నవ్వు.

టార్పాలిన్ కట్టడం ఒక్క మనిషి పని కాదు. ఒక కొస కడితే ఇంకో కొస చేతిలోంచి జారిపోయేది. వేళ్లు మొద్దుబారాయి. తాడు తడిసి ముడి బిగిసేది కాదు. మూడు పక్కలు కట్టి, నాలుగో పక్క పరదాలాగ వదిలేసి, కింద చాప పరిచి, చెయ్యి పెట్టి చూసుకుంది. పొడిగా ఉంది. హమ్మయ్య అనుకుంది. పిల్ల ఇటు పక్క పడుకుంటే జల్లు తగలదు అనుకుంది. నాలుగు నిమ్మాకులు కోసి జాకెట్లో దోపుకుంది.

అప్పుడు చప్పుడు వినబడింది. ఉరుము కాదు, ఉరుమైతే ఆగుతుంది. కొండ లోపల ఎవరో బండరాళ్లు దొర్లిస్తున్నట్టు, ఆగకుండా. ఏరు రెండు కొండల మధ్యనుంచి బయటికొచ్చే సందు అక్కడినుంచి కనబడుతుంది. తోరికా అటు చూసింది. ఆ సందునిండా ఎర్రమట్టి నీళ్లు. మధ్యలో వేళ్లతో సహా లేచిన చెట్లు నిలువునా తిరుగుతున్నాయి. నల్లరాయి ఎక్కడుందో జాడ లేదు. ఏరు నడిచి రావడం లేదు.

ఆమె ఎలా దిగిందో ఆమెకే తెలియదు. రెండుసార్లు పడింది. వాగు దగ్గరికి వచ్చేసరికి దుంగ లేదు. మోకాలి లోతున్న వాగు గుర్రపు డెక్కలు చరిచినట్టు చరుచుకుంటూ గట్టు మీదకి పొర్లుతోంది. అవతల ఎంతో దూరం లేదు, ఒక కేక దూరం. కిటికీలో దీపం కనబడుతోంది. మామగారి సమాధి కనబడుతోంది. దాని వెనక ఏరు, వాకిలి మట్టానికి.

"అత్తయ్యా! లితియా! బయటికి రండి! వెనక గుట్టెక్కండి!"

రేకుల మీద వాన మోతలో తన కేక తనకే వినబడలేదు. ఇంకోసారి అరిచింది. గొంతు చీరుకుపోయింది. ఇంటి వెనక చిన్న గుట్ట ఉంది, దాని మీద సెరెయానా కోళ్లగూడు. యాభై అడుగులు నడిస్తే చాలు, బతికిపోతారు. కాని ఆ మాట చెప్పేదెలా?

గుడి పక్కన పాక కనబడింది. లాలి.

పరిగెత్తి కర్రలందుకుంది. ముట్టకూడదన్న సంగతి గుర్తే రాలేదు. చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి బాదింది. నీళ్ల దరువు మూడు దెబ్బలు కొట్టి ఆపాలి, మళ్లీ మూడు కొట్టి ఆపాలి. అది వినక ఆరేళ్లయింది, అదీ తుఫాను గాలిలో సగమే విన్నది. ఇప్పుడు ఆపడం ఎలా సాధ్యం? ఆగితే పిల్ల చచ్చిపోతుందన్నట్టు ఆగకుండా కొట్టింది. ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా. వేళ చూస్తే ఆరుకి ఇంకా పది నిమిషాలే ఉంది.

అవతల తలుపు తెరుచుకుంది. లితియా గుమ్మంలోకి వచ్చింది, నెత్తిన దుప్పటి. లాలి వైపు చూసింది. తోరికా కొడుతూనే తలతో, మోచేతులతో, గుట్టకేసి చూపించింది. వాన తెరలో తల్లి కనబడిందో లేదో. వెనకనుంచి సెరెయానా చెయ్యి వచ్చి పిల్ల భుజం మీద పడింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

తలుపు మూసుకుంది.

తోరికాకి అర్థమవడానికి ఇంకో పది దెబ్బలు పట్టింది. తల తిప్పి ఊరి వైపు చూసింది. ఇటు పక్క కూడా వరసగా తలుపులు మూసుకుంటున్నాయి. దీపాలు వెలుగుతున్నాయి. ఊరి పెద్ద ఇంట్లో చప్పట్లు ఆగిపోయాయి, మగవాళ్లు తలలు వంచారు. ఊరు ఊరంతా ఆమె చెప్పినట్టే చేస్తోంది. చెయ్యి కొట్టినది చేస్తోంది, మనసు కొట్టినది కాదు.

కర్రలు చేతిలోంచి జారిపోయాయి.

ఆ ఊళ్లో ఒక్కడికే అది తప్పుగా వినబడింది. తన లాలి ఇంకెవడు కొడుతున్నాడని కోపంతో అయిసాకే పరిగెత్తుకొచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచి, ఏటి చప్పుడు విని, మూసేశాడు. కింద పడ్డ కర్రలు తీసి మూడు కొట్టాడు, ఆగాడు. మూడు కొట్టాడు, ఆగాడు. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లని వీపు మీద మోసుకుని, జనం కొండకేసి పరిగెత్తారు. ఇటు పక్క ఒక్క ప్రాణం పోలేదు.

వాగవతల తలుపు కూడా తెరుచుకుంది. తోరికా చూసింది. తెరిచినవాళ్లు అడుగు బయట పెట్టేలోపే ఇల్లు ఒక పక్కకి ఒరిగింది, అలిసిపోయిన మనిషి గోడకి చేరగిలబడినట్టు మెల్లగా. తర్వాత దీపం కనబడలేదు.

సెరెయానా తెల్లారి దొరికింది, అరమైలు దిగువన సీమపనస చెట్టు కొమ్మల మధ్య, భుజం ఎముక విరిగి. ప్రాణముంది. పిల్ల చెయ్యి తన చేతిలో ఎంతసేపు ఉందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె అసలు మాటే ఆడలేదు. లితియా మూడో రోజు ఏటి మొగ దగ్గర, మడచెట్ల వేళ్లలో దొరికింది. పౌలియాసి తన చేతులతో ఎత్తుకొచ్చి కొండ మీద పూడ్చాడు. పిల్ల పోయినందుకు వంద రాత్రులు ఏట్లో వల వెయ్యకూడదని ఊరి పెద్ద కట్టు పెట్టాడు.

ఎనిమిదో రోజున వాతావరణం ఆఫీసునుంచి ఒక చిన్నది వచ్చింది. చెట్ల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో తాడుతో కొలిచింది. ముసలివాళ్లు ఆమె చుట్టూ కూర్చుని నల్లరాయి లెక్క చెప్పారు, ఒక రాత్రి లెక్క చెప్పారు. ఆమె అంతా విని రాసుకుంది.

"మీ లెక్క తప్పు కాదు పెద్దనాన్నా," అంది. "మీ తాతలనాటి సముద్రానికి అది సరిపోయింది. ఇప్పుడు సముద్రం వేడెక్కింది, గాలీ వేడెక్కింది. వేడిగాలి ఎక్కువ నీళ్లు తాగుతుంది. తాగినదంతా ఒక్కచోట ఒక్కసారి కక్కేస్తుంది. ఆ రోజు కొండల్లో నెలరోజుల వాన మూడు గంటల్లో పడింది."

"మేమేం చేశామమ్మా సముద్రాన్ని?" అనడిగాడు ఒక ముసలాయన.

ఆ పిల్ల తల వంచుకుంది. "మీరేం చెయ్యలేదు," అంది.

ఆ సాయంత్రం ఊరి పెద్ద కొత్త కట్టు పెట్టాడు. ఇకనుంచి ప్రార్థనకి లాలి కొట్టరు. గుడి చూరుకి ఖాళీ గ్యాస్ సిలిండర్ వేలాడదీసి, దాన్ని ఇనపముక్కతో కొడతారు. లాలి నీళ్లకే.

ముందు ప్రార్థన దరువు, తర్వాత నీళ్ల దరువు ఎందుకు మోగిందని అందరూ అడిగారు. అయిసాకే ఒకటే మాట చెప్పాడు. "నేనే కొట్టా. తాగి ఉన్నా. చెయ్యి అలవాటున పోయింది." నలభై ఏళ్లు గౌరవంగా బతికిన మనిషి ఆ మాట ప్రతి గుమ్మంలోనూ చెప్పుకున్నాడు. పాకలో కర్రలు కింద పడేసి నిలబడ్డ మనిషిని చూసినవాడు అతనొక్కడే. తోరికా నోరు విప్పలేదు. ఎప్పుడూ ఊరందరి చెవులు తినేసే తోరికా.

పదో రాత్రి కార్యానికి పొద్దు వాలకముందే అయిసాకే కొండెక్కి వాళ్లింటికి వచ్చాడు. ఇల్లంటే ఆ నాలుగు స్తంభాలు, ఆ రేకులు, ఆ టార్పాలిన్. ఆవేళ కట్టిన ముళ్లు అలాగే ఉన్నాయి. అయిసాకే చేతిలో తిమింగలం పన్ను ఉంది, కొబ్బరిపీచు తాడు కట్టి, ముట్టీ ముట్టీ పసుపెక్కినది. తప్పు ఒప్పుకోడానికి వచ్చినవాడు దాన్ని ముందు పెట్టి తల వంచి కూర్చుంటాడు. అవతలివాళ్లు ముట్టుకుంటే క్షమించినట్టు. ముట్టుకోకపోతే వాడు ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

అయిసాకే మోకాళ్ల మీద పాకుతూ వచ్చి పన్ను చాప మీద పెట్టాడు.

"పౌలియాసీ, అమ్మా సెరెయానా, ఇది చిన్న వస్తువు. నా తప్పు పెద్దది. నా చెయ్యి మీ బిడ్డని తలుపు వెనక కూర్చోబెట్టింది..."

పౌలియాసి కన్నీళ్లు తుడుచుకుని చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు," అంది తోరికా.

అందరూ అటు చూశారు.

"ఆయన చెయ్యి కాదు. నాది. కర్రలు నేను తీశాను. ఎలా కొట్టాలో తెలీదు. భయమేసింది. కొట్టాను." రెండు అరచేతులూ చాప మీద పెట్టి చూపించింది. "నేను కొట్టకపోయినా బాగుండేది. ఏటి చప్పుడన్నా వినేవాళ్లు."

"కోడలా, ఊరుకో," అన్నాడు అయిసాకే, తలెత్తకుండా. "నేను గిన్నె దగ్గర లేకపోతే నీకా పని పడేదా?"

పౌలియాసి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెళ్లాం మొహంలోకి చూడలేక చాపకేసి చూశాడు.

అప్పుడు సెరెయానా మాట్లాడింది. పది రోజులు వాడని గొంతు, తలుపు కిర్రుమన్నట్టుంది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసమ్మా?" అన్నాడు కొడుకు.

"నలభై ఏళ్లు విన్నా అయిసాకే లాలి. ముసలి ఎద్దు నడిచినట్టుంటుంది. ఆవేళ అలా లేదు. గద్ద తన్నుకుపోతుంటే కోడి కొట్టుకున్నట్టుంది. పిల్ల అంది, 'బూబూ, తాత ఇవాళ పరిగెడుతున్నాడేంటి?' అని. 'తాత కాదే, మీ అమ్మ,' అన్నాను. 'ఆ ముసలాడు గిన్నె దగ్గర్నుంచి లేవలేదు, మీ అమ్మకి భయమేసి తనే ప్రార్థన మొదలెట్టేసింది. చూడు, దేవుణ్ని కూడా తొందరపెడుతోంది,' అన్నాను." ముసలామె ఆగి ఊపిరి తీసుకుంది. "పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వుకుంటూ తలుపేశాం."

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"'అమ్మ బయటే ఉంది కదా, ఎలా వేస్తాం?' అంది. 'నువ్వు కళ్లు మూసుకో, ఆమెన్ అనేసరికి వచ్చేస్తుంది,' అన్నాను."

తోరికా, పిల్ల అన్నం తిందా అని అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"ఆమెన్ అన్నారా అత్తయ్యా?"

"లేదే తల్లీ."

సెరెయానా బాగున్న చేత్తో ముందుకి జరిగింది. అయిసాకే పెట్టిన పన్నుని తాడు పట్టి దగ్గరికి లాక్కుంది. "ఇది నాకివ్వు అయిసాకే. ఇది పెట్టాల్సింది నేను." అది కొడుకు వైపు తిప్పలేదు. చాప మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లి కోడలి మోకాళ్ల ముందు పెట్టింది. అత్త కోడలికి పెట్టడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఎప్పుడూ దేనికీ వంగని ఆ తెల్లటి తల కోడలి ముందు వంగింది.

కింద గుడి దగ్గర సిలిండర్ మోగింది. టంగ్, టంగ్ అని, పళ్లు జివ్వుమనే ఇనప చప్పుడు. ఆరయింది. కొండ మీద ఇళ్ల తలుపులు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. అలవాటున తోరికా లేచి నాలుగో పక్క పరదా దించబోయింది.

"దించకు," అంది సెరెయానా, తలెత్తకుండానే.

తోరికా తాడు వదిలేసింది. వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది. జల్లు లోపలికి కొడుతోంది. చాప కొస తడిసింది. పిల్ల పడుకుంటే తగలదనుకున్న చోటు మాత్రం పొడిగానే ఉంది. ఆమె చెయ్యి చాపి పన్ను మీద పెట్టింది. అది చల్లగా ఉంది.

పౌలియాసి ప్రార్థన మొదలుపెట్టాడు. అయిసాకే కళ్లు మూసుకున్నాడు. అత్తాకోడళ్లిద్దరూ మూసుకోలేదు. తెరిచి ఉన్న పక్కకేసి, వానలోకి చూస్తూ కూర్చున్నారు.